పట్టు దొరికిన చక్రం: ఫెర్డినాండ్ పోర్షే జీవితం

రెండేళ్ల క్రిందట వర్షాకాలంలో మా విద్యార్థులతో విజ్ఞానయాత్రకు బయలుదేరిన బస్సు ఒక పల్లె పొలిమేరలో రేగడి బురదలో దిగబడింది. వెనుక చక్రాలలో ఒకటి బురదను విరజిమ్ముతూ గిరగిర తిరుగుతున్నది. రెండవది గట్టి నేల మీద ఉండి కూడా కదలక మెదలక నిలిచిపోయింది. డ్రైవరు ఎంత బలంగా ఆక్సిలరేటరు తొక్కితే బురదలోని చక్రం అంత లోతుకు దిగింది. చివరకు క్లీనరు రాళ్లు, గోనెసంచులు తెచ్చి ఆ చక్రం క్రింద వేయగా, పిల్లలందరూ వెనుకనుండి నెట్టగా బండి గట్టెక్కింది. గట్టి నేల మీద ఉన్న చక్రం ఎందుకు తిరగలేదని ఒక విద్యార్థి మమ్ములను అడిగాడు. తెలుగు పాఠం చెప్పుకునే మాకు ఆనాడు సమాధానం తెలియలేదు.

తిరిగి వచ్చిన తరువాత భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి, గ్రంథాలయంలో వెదకి ఆ సమాధానం తెలుసుకున్నాము. ఆ వెదుకులాట మమ్ములను ఒక మనిషి జీవితం దగ్గరకు చేర్చింది. ఆయన పేరు ఫెర్డినాండ్ పోర్షే. ఆయన జీవితంలో విద్యార్థులు నేర్చుకోదగినది చాలా ఉన్నది. నేర్చుకోరానిది కూడా ఉన్నది. రెండింటినీ దాచకుండా వారి ఎదుట ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

జననం, విద్యాభ్యాసం

పోర్షే 1875 సెప్టెంబరు 3వ తేదీన బొహీమియా ప్రాంతంలోని మాఫర్స్‌డార్ఫ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. ఆనాడు అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోనిది. నేడు చెక్ దేశంలోని లిబెరెక్ నగరంలో కలిసి ఉన్నది. తండ్రి ఆంటన్ రేకుల పని చేసే వృత్తికారుడు. కొడుకు కూడా తన పనినే అందుకోవాలని ఆ తండ్రి కోరిక. కుర్రవాని మనసు మాత్రం అప్పుడప్పుడే లోకానికి పరిచయమవుతున్న విద్యుత్తు మీద లగ్నమైంది. పగలు తండ్రి వద్ద రేకులు వంచుతూ, రాత్రి సమీపంలోని రైఖెన్‌బర్గ్ పట్టణంలో సాంకేతిక పాఠశాలకు వెళ్లి పాఠాలు వినేవాడు. యౌవనం తొలినాళ్లలోనే తమ ఇంటికి తానే విద్యుద్దీపాలు అమర్చాడు.

1893లో, 18వ యేట, వియన్నా చేరి బేలా ఎగ్గర్ అనే విద్యుత్ పరికరాల సంస్థలో కుదురుకున్నాడు. పగటి పని ముగిసిన తరువాత సాంకేతిక విద్యాలయానికి వెళ్లి, విద్యార్థిగా నమోదు కాకుండానే అక్కడి ఉపన్యాసాలు వినేవాడు. చదివి సంపాదించిన పట్టా ఆయనకు ఎన్నడూ లేదు. అదే నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయం 1917లో ఆయనను పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పేదరికం వలన చదువు సాగదేమోనని దిగులుపడే విద్యార్థులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలును.

చక్రానికొక మోటారు

బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం, లోపలివైపు చక్రం తక్కువ దూరం నడవవలసి ఉంటుంది. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించి తిప్పితే ఒకటి నేల మీద ఈడ్చుకుపోక తప్పదు. ఈ చిక్కు తీర్చడానికే రెండు చక్రాల నడుమ డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక వచ్చింది. ఫ్రాన్సు దేశస్థుడు ఒనెసిఫోర్ పెకూర్ 1827లోనే దీనిని ఆవిరి బండి కోసం రూపొందించాడు.

యువకుడైన పోర్షే ఈ చిక్కును వేరొక దారిన దాటాడు. వియన్నాలో లోహ్నర్ అనే బండ్ల తయారీ సంస్థ కోసం ఆయన తయారుచేసిన విద్యుత్ కారును 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో చూపారు. దాని ముందు చక్రాలు రెండింటిలోను చెరొక విద్యుత్ మోటారు ఉన్నది. గేర్లు లేవు, గొలుసులు లేవు, డిఫరెన్షియల్ అసలే లేదు. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు పెట్టిన బండిని కూడా ఒక ఆంగ్లేయుని కోసం తయారుచేశాడు. నాలుగు చక్రాలకూ సొంత బలం ఉంటే నేల మీద పట్టుకు కొదువేమున్నది? అయితే బ్యాటరీయే 400 కిలోలకు పైగా తూగేది. ధర సామాన్యునికి అందనిది. ఎంత చక్కని ఊహ అయినా బరువు, ధర అనే రెండు తూకపురాళ్లకు లోబడవలసిందేనని ఆయనకు అనుభవం మీద తెలిసివచ్చింది.

1906లో ఆస్ట్రో-డైమ్లర్ సంస్థలో ప్రధాన రూపకర్త అయ్యాడు. 1910లో ప్రిన్స్ హెన్రీ పేరిట జరిగిన పోటీలో తాను రూపొందించిన కారును తానే నడిపి గెలిచాడు. 1923లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరానికి వెళ్లి డైమ్లర్ సంస్థ సాంకేతిక నిర్దేశకుడయ్యాడు. కాని ఎక్కడా ఎక్కువకాలం ఇమడలేకపోయాడు. ఖర్చు విషయంలో యాజమాన్యాలతో తగవు, సామాన్యుల కోసం చిన్న కారు చేయాలన్న పట్టుదల, ముక్కోపం కలిసి ఆయనను ఒక కొలువు నుండి మరొక కొలువుకు తరిమాయి.

స్వంత కార్యాలయం

55 ఏళ్ల వయస్సులో, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్న వేళ, ఆయన స్వంతంగా ఒక రూపకల్పన కార్యాలయం తెరిచాడు. 1931 ఏప్రిల్ 25న స్టుట్‌గార్ట్‌లో అది నమోదైంది. అందులో పోర్షే వాటా 80 శాతం. అల్లుడు, న్యాయవాది ఆంటన్ పియెహ్‌ది 10 శాతం. మిగిలిన 10 శాతం ఆడాల్ఫ్ రోజెన్‌బర్గర్ అనే యూదునిది. రోజెన్‌బర్గర్ పేరుపొందిన పందెపు కార్ల చోదకుడు. కార్యాలయం వాణిజ్య వ్యవహారాలు ఆయనే చూశాడు. జీతాలకు డబ్బు చాలని రోజులలో తన సొమ్ము తెచ్చి నిలబెట్టాడు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ ఈయన దగ్గరకు రావలసి ఉన్నది.

పట్టు విడవని డిఫరెన్షియల్

ఆ కార్యాలయం రూపొందించిన పందెపు కారును 1934లో ఆటో యూనియన్ సంస్థ రంగంలోకి దింపింది. చోదకుని వెనుక 16 సిలిండర్ల ఇంజను. దాదాపు 300 అశ్వశక్తి. అంత బలాన్ని నేలకు అందించడమే సమస్య అయింది. గంటకు 160 కిలోమీటర్ల వేగం వరకు కూడా వెనుక చక్రాలలో ఒకటి పట్టు తప్పి వట్టిగా తిరిగిపోయేది. మా బస్సు బురదలో పడిన అవస్థ, ఈ కారు పందెపు బాటలో పడిన అవస్థ ఒకటే.

దీని కారణం సులభంగానే చెప్పవచ్చును. సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన త్రిప్పుడు బలాన్నే ఇస్తుంది. బురదలోని చక్రం 10 పాళ్ల బలాన్ని మాత్రమే నేలకు అందించగలిగితే, గట్టి నేల మీది చక్రానికీ అందేది ఆ 10 పాళ్లే. మొత్తం 20 పాళ్లతో బండి కదలదు. ఇంజనులో ఇంకెంత శక్తి ఉన్నా ఆ పట్టులేని చక్రాన్ని మరింత వేగంగా తిప్పడానికే ఖర్చవుతుంది. న్యాయంగా సమానంగా పంచే గుణమే ఇక్కడ బండిని నిలబెట్టేసింది.

పోర్షే 1935లో పళ్లచక్రాల తయారీలో ఆరితేరిన జెడ్.ఎఫ్. సంస్థకు ఈ పని అప్పగించాడు. వారు తయారుచేసిన అమరిక చూడడానికి చిన్నది. ఇంజను తిప్పే క్రౌన్ చక్రంతో కలిసి తిరిగే ఒక కంకణంలో చిన్న ఉక్కు దిమ్మలు వరుసగా ఉంటాయి. వాటికి లోపలివైపు ఒక చక్రానికి చెందిన మిట్టపల్లాల వలయం, బయటివైపు రెండవ చక్రానికి చెందిన మిట్టపల్లాల వలయం. రెండింటిలో మిట్టల సంఖ్య ఒకటి కాదు. చక్రాలు సమవేగంతో తిరిగినప్పుడు దిమ్మలు రెండు వలయాలనూ కలిపి లాక్కుపోతాయి. ఒక చక్రం వేగం మించినప్పుడు దిమ్మలు మిట్టలెక్కి పల్లాలు దిగుతూ లోపలికీ బయటికీ జరగవలసి వస్తుంది. ఆ రాపిడి వేగంగా తిరిగే చక్రాన్ని నిగ్రహించి, నెమ్మదిగా ఉన్న చక్రానికి బలాన్ని మళ్లిస్తుంది. ఇటువంటి పరికరం పట్టు ఉన్న చక్రానికి మూడింతల బలం పంపగలదనుకుంటే, పై ఉదాహరణలో గట్టి నేల మీది చక్రానికి 30 పాళ్లు, మొత్తం 40 పాళ్లు అందుతాయి. ఇంజను అదే, టైర్లు అవే. నేలకు అందిన బలం మాత్రం రెండింతలయింది.

చౌకబండికి దక్కిన పట్టు

పందెపు కార్లు ధనవంతుల వినోదం. పోర్షే చిరకాల వాంఛ సామాన్యుని కారు. 1934 జూన్ 22న జర్మన్ మోటారు పరిశ్రమల సంఘంతో అందుకు ఒప్పందం కుదిరింది. ధర 1,000 మార్కుల లోపు ఉండాలని ఆనాటి నాజీ ప్రభుత్వం పట్టుబట్టింది. దానితో ప్రతి మరకు, ప్రతి రేకుకు లెక్క చూడవలసి వచ్చింది. గాలితోనే చల్లబడే చిన్న ఇంజనును బండి వెనుక భాగంలో పెట్టారు. నీటి రేడియేటరు ఖర్చు తప్పింది, ముందునుండి వెనుకకు పొడవాటి షాఫ్టు ఖర్చు తప్పింది. ఇంజను బరువు తిరిగే చక్రాల మీదనే పడడం వలన పట్టు కూడా పెరిగింది. అదే వోక్స్‌వాగన్, అనగా ప్రజల కారు.

1938 మే 26న కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. వారానికి 5 మార్కుల చొప్పున స్టాంపులు కొని కారు కోసం కూడబెట్టుకోవాలని ప్రజలకు చెప్పగా సుమారు 3,36,000 మంది పేర్లు నమోదు చేయించుకున్నారు. యుద్ధం వచ్చింది. వారిలో ఒక్కరికీ ఆ పథకం క్రింద కారు అందలేదు. ప్రజల కారు సైన్యపు కారయింది.

క్యూబెల్‌వాగన్ అనే ఆ సైనిక వాహనం తయారీ 1940లో ఆరంభమైంది. 1945 వరకు 50,000కు పైగా తయారయ్యాయి. దాని ఇంజను తొలుత 985 సి.సి. మాత్రమే, బలం 25 అశ్వశక్తికి లోపే. నాలుగు చక్రాలకూ బలమిచ్చే ఏర్పాటు చేయాలంటే బలాన్ని రెండుగా విడదీసే పెట్టె, ముందు ఇరుసుకు మరొక డిఫరెన్షియల్, మరొక షాఫ్టు, మలుపు తిరిగే చక్రాలకు ప్రత్యేకపు కీళ్లు కావాలి. బరువూ ఖర్చూ పెరుగుతాయి. పోర్షే బృందం ఆ దారి వదలి వెనుక చక్రాలు రెండింటితోనే పని సాధించింది. వెనుక చక్రాల దగ్గర చిన్న పళ్లచక్రాల జతలు అమర్చడంతో బండి నేలకు ఎత్తుగా నిలిచింది. నడిచే సైనికునితో సమంగా గంటకు 4 కిలోమీటర్ల నెమ్మది వేగంతో సాగగలిగింది. వెనుక పెట్టెలో జెడ్.ఎఫ్. వారి పట్టు విడవని డిఫరెన్షియల్ చేరింది. బండి తేలిక కనుక బురదలో దిగబడినా నలుగురు మనుషులు ఎత్తి గట్టున పెట్టగలిగేవారు. రెండు చక్రాల ధరకు దాదాపు నాలుగు చక్రాల పని జరిగింది.

ఈ పరికరానికీ పరిమితులున్నాయి. రెండు చక్రాలూ బురదలోనే ఉంటే మళ్లించడానికి పట్టు ఎక్కడా ఉండదు. ఒక చక్రం పూర్తిగా గాలిలో తేలితే రాపిడి ఇచ్చే సహాయం కొద్దిపాటిదే. అటువంటప్పుడు అనుభవజ్ఞులైన డ్రైవర్లు హ్యాండ్ బ్రేకును కొద్దిగా లాగి ఇంజనుకు బలమిస్తారు. వట్టిగా తిరిగే చక్రానికి బ్రేకు కొంత ఎదురు కల్పించగా, రెండవ చక్రానికి ఆ మేరకు బలం చేరుతుంది. పైసా ఖర్చు లేని ఉపాయమిది. నేటి కార్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే పని కూడా చాలావరకు ఇదే. పట్టు తప్పిన చక్రాన్ని గుర్తించి దానికి మాత్రమే బ్రేకు వేస్తాయి. మన పొలాల్లో తిరిగే ట్రాక్టరుకు డిఫరెన్షియల్ లాక్ అనే పెడలు ఉంటుంది. దానిని తొక్కితే రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. మలుపులో మాత్రం దానిని విడవవలసిందే. లేకుంటే ట్రాక్టరు సరిగా మలుపు తిరగదు, పళ్లచక్రాలూ విరుగుతాయి. రైతు బిడ్డలైన విద్యార్థులకు ఇది చూచిన సంగతే.

చంద్రునిలో మచ్చ కాదు

గొప్పవారి జీవితాలు వ్రాసేటప్పుడు లోపాలను చంద్రునిలో మచ్చ అని దాటవేయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ మాట చెల్లదు.

1933లో నాజీలు అధికారానికి రాగానే రోజెన్‌బర్గర్ తన పదవి నుండి తప్పుకోవలసి వచ్చింది. 1935లో ఆయన వాటా నామమాత్రపు ధరకు పోర్షే కుటుంబం చేతికి పోయింది. అదే ఏడాది ఆయనను నిర్బంధించి కొంతకాలం కిస్లావ్ శిబిరంలో ఉంచారు. విడుదలైన తరువాత ఆయన ఫ్రాన్సుకు, అక్కడినుండి అమెరికాకు వెళ్లిపోయాడు. పట్టు విడవని డిఫరెన్షియల్ కోసం పోర్షే శ్రమించిన సంవత్సరమే, కష్టకాలంలో కార్యాలయాన్ని నిలబెట్టిన భాగస్వామి చేయి విడిచిపోయింది.

పోర్షే 1937లో నాజీ పార్టీలో చేరాడు. తరువాత ఆ పార్టీ సాయుధ దళమైన ఎస్.ఎస్. వారి గౌరవ హోదా కూడా స్వీకరించాడు. వోక్స్‌వాగన్ కర్మాగారం నిర్వహణలో ఆయనకూ అల్లునికీ ముఖ్యస్థానం ఉండేది. యుద్ధకాలంలో అక్కడ సుమారు 20,000 మందిని నిర్బంధంగా పనిచేయించారు. పోలండు, సోవియట్ దేశాలనుండి తరలించి తెచ్చినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు వారిలో ఉన్నారు. ఖైదీల చేత పని చేయించుకోవడానికి పోర్షే స్వయంగా అధికారులను కోరాడని చరిత్రకారులు పత్రాలతో నిరూపించారు. ఆ కార్మిక స్త్రీలకు పుట్టిన పసిబిడ్డలను తల్లులనుండి వేరుచేసి ర్యూహెన్ అనే గ్రామంలోని గృహంలో ఉంచగా, 1944, 1945 సంవత్సరాలలో 300కు పైగా శిశువులు అక్కడ ఆకలితో, రోగాలతో మరణించారు. ఆ నేరానికి కర్మాగారపు వైద్యుని 1947లో ఉరితీశారు. బురదలో కూడా పట్టు విడవని ఆ చిన్న బండి వెనుక ఇంతటి దుఃఖం ఉన్నది.

చరమదశ

1945 చివర ఫ్రెంచి అధికారులు పోర్షేను నిర్బంధించారు. డిజాన్ చెరసాలలో ఆయన ఆరోగ్యం క్షీణించింది. కుమారుడు ఫెర్రీ ఒక ఇటలీ సంస్థకు పందెపు కారు రూపకల్పన చేసి, ఆ ప్రతిఫలంతో జామీను చెల్లించగా 1947 ఆగస్టు 1న విడుదలయ్యాడు. 1948లో ఫ్రెంచి న్యాయస్థానం తన ఎదుట ఉన్న అభియోగాల నుండి ఆయనను విముక్తుని చేసింది. అదే సంవత్సరం ఫెర్రీ ఆధ్వర్యంలో, పోర్షే పేరు ధరించిన తొలి క్రీడాకారు ఆస్ట్రియాలోని గ్ముండ్‌లో రోడ్డెక్కింది. 1950లో పోర్షే వోక్స్‌వాగన్ కర్మాగారానికి వెళ్లి, తన చిన్న కారు వేల సంఖ్యలో తయారవుతూ ఉండగా కళ్లారా చూశాడు. 1951 జనవరి 30న, 75వ యేట, స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశాడు. ఆ చిన్న కారు తయారీ 2003 జూలై 30న మెక్సికోలో ఆగిపోయే నాటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా బండ్లు తయారయ్యాయి.

రోజెన్‌బర్గర్ యుద్ధానంతరం న్యాయస్థానానికి వెళ్లాడు. 1950లో కుదిరిన రాజీ ప్రకారం ఆయనకు 50,000 మార్కులు, ఒక కారు లభించాయి. 1967లో అమెరికాలో మరణించాడు. బలవంతపు కార్మికులలో బ్రతికి ఉన్నవారికోసం వోక్స్‌వాగన్ సంస్థ సహాయనిధి ఏర్పాటు చేసింది 1998లో. అప్పటికి వారిలో చాలామంది లేరు.

విద్యార్థులకు ఒక మాట

పోర్షే ప్రతిభను కాదనలేము. రేకుల పనివాని కొడుకు, పట్టా లేనివాడు, రాత్రి బడిలో చదివి లోకానికి బండి నడిపించాడు. ఖర్చు పెట్టలేని చోట బుద్ధి పెట్టాలని, ఉన్న బలం వృథా కాకుండా సరైన చోటికి చేర్చితే కొత్త బలం కొనవలసిన పనిలేదని ఆయన పని మనకు నేర్పుతుంది. నిధులు చాలని మా వంటి కళాశాలలకు ఇది ప్రతి దినమూ పనికివచ్చే పాఠం.

ఇంజను బలం ఏ చక్రానికి చేరుతున్నదని జీవితమంతా ప్రశ్నించిన ఆ మనిషి, తన బలం ఎవరికి చేరుతున్నదని మాత్రం ప్రశ్నించలేదు. విద్య ఒక చక్రం, వివేకం రెండవ చక్రం. వివేకం నిలిచిపోయి విద్య ఒక్కటే వేగంగా తిరిగినప్పుడు, చూచేవారికి చలనం కనిపిస్తుందే కాని బండి బురదలోకి దిగుతూనే ఉంటుంది.

ఆనాడు బస్సు దగ్గర ప్రశ్న వేసిన విద్యార్థి ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మేము ఆలస్యంగా తెలుసుకున్న సమాధానం అతనికి ఈ పుటల ద్వారా అందిస్తున్నాము. చక్రం ఎందుకు తిరగలేదో అతనికి ఇప్పుడు మాకంటే బాగా తెలిసి ఉంటుంది. తాను తిప్పబోయే చక్రం ఎవరిని ఎక్కడికి చేరుస్తుందో కూడా అతడు అడుగుతూ ఉండాలని మా ఆకాంక్ష.